ట్రైలర్ తోక ఊపుతోందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో "బండి వెనక ట్రైలర్ తగిలించుకుని తిరిగేవాళ్లు సందేహాలుంటే రాయండి" అని ఒక చిన్న ముక్క వేశాం. ఏదో నాలుగైదు ఉత్తరాలొస్తాయిలే అనుకున్నాను, కానీ మెయిల్ తెరిస్తే కళ్లు తిరిగాయి. చదువుతూ పోతే అర్థమైందేంటంటే మనవాళ్ల కష్టాలు ముఖ్యంగా రెండే, ఒకటి ట్రైలర్ ఊగడం, రెండోది రివర్స్ రాకపోవడం. అందుకే వాటికి ఎక్కువ చోటిచ్చి, మిగతావి కొన్ని క్లుప్తంగా చెప్పేస్తున్నాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒకరి ఉత్తరం మాత్రమే వేశాం, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, మా ఎస్‌యూవీ వెనక రెండు చక్రాల ట్రైలర్ ఉంది. సౌండ్ బాక్సులు, జనరేటర్ వేసుకుని ప్రోగ్రాములకు తిరుగుతుంటాం. 60 స్పీడు వరకు ట్రైలర్ ఉన్నట్టే తెలీదు. 80 దగ్గరికి వస్తే చాలు, వెనక నుంచి ఎవరో పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నట్టు ఉంటుంది. బేరింగులు, టైర్లు చూపించాం, బాగానే ఉన్నాయన్నారు. దింపడానికి సులువుగా ఉంటుందని జనరేటర్‌ను వెనక తలుపు పక్కనే పెడతాం. దానివల్ల కాదు కదా?

జవాబు: దానివల్లే. మీ ప్రశ్నలోనే జవాబు కూడా రాసి పంపారు.

ఎడ్లబండి ఎక్కినవాళ్లకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. సరుకు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల మెడకు తాడు బిగుసుకుంటుంది, బండి మనిషి వెంటనే దిగి రెండు బస్తాలు ముందుకి జరుపుతాడు. కారుకి మెడా లేదు, గొంతూ లేదు కాబట్టి అది అరవదు. 60 దాకా ఓర్చుకుంటుంది. స్పీడు పెరిగేకొద్దీ ట్రైలర్ ఒకసారి పక్కకి జరిగితే తిరిగి తిన్నగా రావడానికి బదులు అవతలి వైపుకి ఇంకాస్త ఎక్కువ జరుగుతుంది, అక్కణ్నుంచి ఇవతలికి మరికాస్త. అలా ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. పక్కనుంచి పెద్ద లారీ దాటినా, ఎదురుగాలి అడ్డంగా తిరిగినా, రోడ్డు మీద చిన్న గతుకు వచ్చినా మొదలవడానికి అది చాలు.

లెక్క ఇది. ట్రైలర్, దానిలో సరుకు కలిపి మొత్తం బరువులో సుమారు 10 నుంచి 15 శాతం బండి వెనకున్న ఇనప బంతి మీద, అంటే హిచ్ బాల్ మీద పడాలి. మొత్తం 1000 కిలోలైతే 100 నుంచి 150 కిలోలు. అలా పడాలంటే సరుకులో దాదాపు 60 శాతం ఇరుసుకి ముందు, 40 శాతం వెనక ఉండేలా సర్దుకోవాలి, అన్నిటికంటే బరువైన వస్తువు ఇరుసు మీదో, దానికి కొంచెం ముందో, నేలకి దగ్గరగా ఉండాలి. మీ జనరేటర్ చోటు అదీ. సౌండ్ బాక్సుల్ని కూడా ఆ 60, 40 లెక్కలోనే సర్దుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బాల్ మీద ఎంత బరువు పడొచ్చో బండి కంపెనీ ఒక హద్దు పెడుతుంది. చిన్న కార్లలో అది 75 కిలోలో, ఇంకా తక్కువో ఉండొచ్చు. మాన్యువల్‌లో రాసి ఉంటుంది, లేదంటే టో బార్ మీద, అంటే బాల్ బిగించిన ఇనప చట్రం మీద కొట్టిన రేకు మీద ఉంటుంది. ఆ రెంటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. యూరప్ కార్లకి ఈ శాతం కూడా కాస్త తక్కువే చెబుతారు, కాబట్టి మీ మాన్యువల్ ఏమంటే దానికే ఓటు వెయ్యండి. హద్దు 75 అయినప్పుడు వెయ్యి కిలోల ట్రైలర్‌కి 150 పెట్టడం కుదరదు కదా, అప్పుడు తగ్గించాల్సింది ట్రైలర్ మొత్తం బరువు, అంతేగాని సరుకుని వెనక్కి నెట్టి బాల్ మీద బరువు తగ్గించడం కాదు. ఈ రెండో పని చేసేవాళ్లే ఎక్కువ.

తూచడం పెద్ద కష్టమేం కాదు. సరుకంతా ఎప్పుడూ ఎక్కించినట్టే ఎక్కించి, చదునైన నేల మీద చక్రాలకి అడ్డం పెట్టి, ట్రైలర్ మూతి (బాల్ మీద కూర్చునే ముందు కొస) కింద ఇంట్లో మనం ఎక్కి చూసుకునే బరువు మిషన్ పెట్టి, దాని మీద ఒక చెక్క దిమ్మె నిలబెట్టి మూతిని దాని మీదకి దించండి. మూతి ఎత్తు బండికి తగిలించినప్పుడు ఎంత ఉంటుందో అంతే ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మిషన్ 120 కిలోల దగ్గరే ఆగిపోతుంది అంటారా, గట్టి పలక ఒకటి తీసుకుని ఒక చివర ఇనప గొట్టం మీద, రెండో చివర మిషన్ మీద ఆనించండి. ట్రైలర్ మూతి గొట్టం నుంచి ఒక అడుగు దూరంలో, మిషన్ నుంచి రెండు అడుగుల దూరంలో పలక మీద ఆనాలి. మిషన్ చూపించిన అంకెని మూడుతో గుణించండి, అదే అసలు బరువు. పలక ఒక్కటే ఉన్నప్పుడు మిషన్ ఎంత చూపిస్తుందో ముందే చూసుకుని, గుణించకముందే అది తీసెయ్యండి. మొత్తం బరువు కావాలంటే వేబ్రిడ్జికి వెళ్లడమే. కళ్లతో చూసి "ఓ ఎనిమిది వందలుంటుంది" అనేవాళ్లు ఎప్పుడూ తక్కువే చెబుతారు, నేనూ అంతే.

ముందుకి జరపమన్నాను కదా అని మొత్తం ముందుకే దూరిస్తే అదీ తప్పే. బండి వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలికైపోతాయి, స్టీరింగ్ వెన్నలా తిరుగుతుంది, బ్రేకు సరిగా పట్టదు, రాత్రిపూట మీ హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి పోతాయి. తగిలించాక నాలుగడుగులు పక్కకి వెళ్లి చూడండి, ట్రైలర్ నేలకి సమాంతరంగా ఉండాలి. మూతి పైకి లేచి ఉంటే ఊగుడుకి అదే ఆహ్వానం, అప్పుడు బాల్ కిందికి ఉండే మౌంట్ మార్చుకోవాలి.

ఇక ఊగుడు మొదలైపోయాక ఏం చెయ్యాలో చెప్తాను, ఇది మీరు అడగలేదు గాని అందరికంటే ఎక్కువ మీకే అవసరం. యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్యండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని అలాగే ఉండండి. అంతే. ట్రైలర్ ఎటు పోతే దానికి ఎదురు తిప్పుదాం అనుకుంటే మీ చెయ్యి ఎప్పుడూ అర క్షణం ఆలస్యంగా వెళ్తుంది, ఆ ఆలస్యమే ఊపుని పెంచుతుంది. బ్రేకు గట్టిగా తొక్కకూడదు. ఎందుకంటారా, దారాన్ని ముందు నుంచి లాగితే తిన్నగా వస్తుంది, వెనక నుంచి తోస్తే మెలికపడుతుంది. మీరు బ్రేకు తొక్కితే ట్రైలర్ వెనక నుంచి తోస్తుంది. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్ అయితే డ్యాష్‌బోర్డు దగ్గరుండే కంట్రోలర్ మీద విడిగా ఒక మీట ఉంటుంది, దాన్ని మెల్లిగా నొక్కితే ట్రైలర్ ఒక్కటే ఆగుతూ దారం సాగినట్టు తిన్నబడుతుంది. "స్పీడు పెంచితే సర్దుకుంటుంది" అని చెప్పేవాళ్లుంటారు. ఒకోసారి నిజంగానే ఒక్క క్షణం సర్దుకున్నట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత మీరు అదే ట్రైలర్‌తో ఇంకో పదిహేను కిలోమీటర్లు ఎక్కువ స్పీడులో ఉంటారు. ఆ మాట వినకండి.

చాలా ఏళ్ల కిందట నేను పొడవాటి కలప దూలాలు వేసుకుని వెళ్తూ, అవి వెనక్కి మీటరున్నర బయటికి పొడుచుకొచ్చి ఉన్నా పట్టించుకోకుండా, దిగుడులో ఊగుడు మొదలవగానే కంగారులో బ్రేకు తొక్కేశాను. తేరుకునేసరికి బండి రోడ్డుకి అడ్డంగా ఉంది, ట్రైలర్ మూతి నా వెనక డోరుని ముద్దు పెట్టుకుంటోంది. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి ఈ శీర్షిక రాస్తున్నాను.

ఊగుడుని ఆపే యాంటీ స్వే బార్లు దొరుకుతాయి, కొత్త బండ్లలో కంప్యూటరే బ్రేకులు సర్దే ఏర్పాటు కూడా వస్తోంది. మంచివే. కానీ జనరేటర్‌ని వెనక తలుపు దగ్గరే ఉంచి అవి కొనడం అంటే జ్వరం తగ్గించకుండా థర్మామీటర్ మార్చడం లాంటిది.

ప్రశ్న: ముందుకి ఎంత దూరమైనా తోలతాను. రివర్స్ అంటే మాత్రం చెమటలు పడతాయి. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి, ఎడమకి తిప్పితే కుడికి. చుట్టూ నలుగురు చేరి "ఇటు కొయ్, అటు కొయ్" అని అరుస్తుంటే పరువు పోతోంది.

జవాబు: ముందు ఆ నలుగుర్నీ పంపించెయ్యండి, ఒక్కర్నే ఉంచుకోండి. ఆ ఒక్కరు కూడా మీకు అద్దంలో కనబడేచోట నిలబడాలి, కనబడకపోతే మీరు ఆగిపోతారని ముందే చెప్పండి.

ఇప్పుడు చెయ్యి స్టీరింగ్ పైన కాకుండా అడుగున పెట్టండి, గడియారంలో ఆరు అంకె ఉండేచోట. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్లాలో చేతిని అటు జరపండి. కుడికి వెళ్లాలా, అడుగునున్న చేతిని కుడికి. ఈ ఒక్క కిటుకుతో బుర్రలో తిరకాసంతా పోతుంది.

మిగతాది ఓపిక. నడక కన్నా నిదానంగా, స్టీరింగ్ కొంచెం కొంచెంగా తిప్పండి, ఎందుకంటే తిప్పినదానికి ఫలితం ఒక క్షణం ఆగి కనిపిస్తుంది, కనిపించేసరికి మీరు ఎక్కువ తిప్పేసి ఉంటారు. మొదట ట్రైలర్‌ని ఒక వైపుకి మళ్లించడానికి తిప్పుతారు, అది మళ్లడం మొదలవగానే స్టీరింగ్‌ని రెండో వైపుకి తెస్తూ ట్రైలర్ వెంట పోవాలి. అలా తేకపోతే కోణం పెరుగుతూనే ఉంటుంది, ఒక హద్దు దాటాక ఏం తిప్పినా లాభం లేదు, చాకు మడతపడ్డట్టు బండీ ట్రైలరూ మడుచుకుంటాయి. అప్పుడు మందు ఒక్కటే, ముందుకి పోవడం. తిన్నగా అయ్యేదాకా ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టడం సిగ్గుపడాల్సిన పని కాదు, రోజూ ఇదే పని చేసేవాళ్లు కూడా రెండు మూడుసార్లు ముందుకెళ్లి వస్తారు.

వీలైతే డ్రైవరు వైపుకే మళ్లేలా వెనక్కి వెళ్లండి, ట్రైలర్ పక్క మీ కళ్లకి నేరుగా కనిపిస్తుంది. ఇంకో సంగతి, పొట్టి ట్రైలర్ సులువనుకుంటారు, కాదు. పొడుగుది బద్ధకంగా తిరుగుతుంది, మీకు టైమిస్తుంది. పొట్టిది మేకపిల్లలా గెంతుతుంది. ఖాళీ మైదానంలో రెండు డబ్బాలు పెట్టుకుని ఒక ఆదివారం పొద్దున కూర్చోండి, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది.

ప్రశ్న: మా పికప్ 2 టన్నులు కూడా అవలీలగా లాగుతుంది, ఎత్తు రోడ్డు మీద కూడా చూశాను. ట్రైలర్‌కి బ్రేకులు లేవు. బండి బ్రేకులు కొత్తగా వేయించాను, చాలవా?

జవాబు: చాలవు. లాగడం ఇంజిన్ పని, ఆపడం బ్రేకుల పని, మొదటిది బాగా చేస్తే రెండోది కూడా చేస్తుందని లేదు. బండి తన బరువుని ఆపుకునేలా బ్రేకులు పెట్టుకుని పుట్టింది. దానికి వెనక 2 టన్నులు కట్టి, ఆ భారం కూడా ఆ నాలుగు చక్రాల మీదే వేస్తున్నారు. యూరప్ దేశాల్లో మొత్తం 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి దాని సొంత బ్రేకులు ఉండి తీరాలి. మీరుండేచోట రూలు వేరుగా ఉండొచ్చు, కనుక్కోండి, కానీ 2 టన్నులకి బ్రేకు వద్దనే రూలు ఎక్కడున్నా దాన్ని నేను నమ్మను.

60లో వెళ్తున్నప్పుడు బండి కదలికలో ఉన్న శక్తి 90కి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. అది స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా. ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. దిగుడు రోడ్డులో కాలు బ్రేకు మీదే ఉంచుకుని వస్తే లైనర్లు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ తొక్కుతున్నా బండి ఆగదు. అందుకే దిగుడు మొదలవకముందే గేరు తగ్గించుకోండి, ఇంజినే పట్టి ఉంచుతుంది, బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి వదిలెయ్యండి. ముందున్న బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి. మధ్యలో ఎవడో ఒకడు దూరతాడు, దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి.

మీ ట్రైలర్‌కి రెండు రకాల బ్రేకులు వేయించుకోవచ్చు. ఒకటి ఓవర్‌రన్ రకం. బండి ఆగుతుంటే ట్రైలర్ ముందుకి తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే మూతి దగ్గరున్న కడ్డీ లోపలికి పోయి బ్రేకు పడుతుంది. వైరింగ్ గొడవ లేదు. కాకపోతే పాత రకంలో రివర్స్ పోతే కూడా బ్రేకు పట్టేసుకుంటుంది, లాక్ వెయ్యడం మర్చిపోయి క్లచ్ కాల్చుకున్నవాళ్లున్నారు. రెండోది ఎలక్ట్రిక్, దానికి బండిలో కంట్రోలర్ కావాలి. బరువెక్కువ, దిగుళ్లు ఎక్కువ ఉన్నవాళ్లకి నేను రెండోదే చెప్తాను.

ప్రశ్న: బండికీ ట్రైలర్‌కీ మధ్య జాగ్రత్తకోసం వేసే గొలుసులు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వేసి తగిలించమంటారు. తిన్నగా వేస్తే ఏమవుతుంది? ఏదైనా శాస్త్రం ఉందా, లేక అలవాటా?

జవాబు: శాస్త్రమే. బాల్ నుంచి ట్రైలర్ మూతి ఊడిపోయిందనుకోండి, అడ్డంగా వేసిన రెండు గొలుసులు ఉయ్యాలలా కింద ఉండి దాన్ని పట్టుకుంటాయి. తిన్నగా వేస్తే మూతి వాటి మధ్యలోంచి రోడ్డు మీద పడి నేలలోకి గుచ్చుకుంటుంది. మలుపు తిరిగేంత సాగుడు ఉండాలి, రోడ్డుకి రాసుకునేంత ఉండకూడదు. పొడుగైంది కదా అని మెలేసి పొట్టి చెయ్యకండి, లింకులు బలం కోల్పోతాయి. బ్రేక్‌అవే తీగ (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా లాగే తీగ) ఉంటే దాన్ని బండి చట్రానికే విడిగా తగిలించండి, బాల్‌కి గాని గొలుసుకి గాని కాదు. బాల్ ఊడిపోయినప్పుడు పనిచెయ్యాల్సిన తీగని బాల్‌కే కడితే ఇంకేముంది.

ప్రశ్న: బాల్ మీద కప్పు పెట్టి లాచ్ వేశాను, టక్‌మని శబ్దం కూడా వచ్చింది. అరకిలోమీటరు పోయాక గతుకులో ట్రైలర్ ఊడిపోయింది. గొలుసులుండబట్టి బతికాం. బాల్ అమ్మిన షాపువాడు "అన్నిటికీ ఇదే సైజు" అన్నాడు.

జవాబు: అన్నిటికీ ఒకే సైజు లేదు. బాల్‌లో 1 7/8 అంగుళాలది ఉంది, 2 అంగుళాలది ఉంది, 2 5/16 ఉంది, 50 మిల్లీమీటర్లది ఉంది. చిన్న బాల్ మీద పెద్ద కప్పు హాయిగా కూర్చుంటుంది, లాచ్ కూడా పడుతుంది, మీకు వినపడిన టక్‌మనే శబ్దం అదే. గతుకు వచ్చినప్పుడు జారి పైకి లేస్తుంది. బాల్ నెత్తి మీద సైజు చెక్కి ఉంటుంది, కప్పు మీద కూడా ఉంటుంది. రెండూ ఒకటేనా అని చదవండి, గ్రీజు పేరుకుపోయి ఉంటే గుడ్డతో తుడిచి చదవండి.

సైజు సరిపోయినా లాచ్ బాల్ కిందికి పోకుండా పైనే పడే అవకాశం ఉంది. దానికో పరీక్ష. లాచ్ వేసి పిన్ను పెట్టాక ట్రైలర్ ముందు జాకీని మళ్లీ పైకి తిప్పండి. మూతితో పాటు బండి వెనక భాగం కూడా లేస్తోందా? లేస్తే పట్టుకుంది. మూతి ఒక్కటే లేచి వచ్చేస్తే పట్టుకోలేదు. అరనిమిషం పని. నేనిప్పటికీ ప్రతిసారీ చేస్తాను, మా పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ప్రశ్న: రెండేళ్లుగా చెట్టు కింద నిలబెట్టిన ట్రైలర్ మళ్లీ రోడ్డెక్కించాలి. టైర్లు కొత్తవే, అరగలేదు.

జవాబు: టైర్ల పక్కన కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగంకెలుంటాయి చూడండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. ఒక వైపే ఉంటుంది, కనబడకపోతే లోపలి వైపు దూరి చూడాలి. ట్రైలర్ టైర్లు అరిగి చావవు, ముసలితనంతో చస్తాయి. ఎండకి, ఒకేచోట బరువు మోస్తూ నిలబడినందుకు పక్కల్లో సన్నగా పగుళ్లొస్తాయి. అయిదారేళ్లు దాటి పగుళ్లు కనిపిస్తే గీతలు ఎంత కొత్తగా ఉన్నా తీసెయ్యండి. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి నింపండి, తక్కువ గాలితో బరువు లాగితే టైరు లోపల్లోపలే వేడెక్కి పగులుతుంది. కారు టైరు దిగితే స్టీరింగ్ చెబుతుంది, ట్రైలర్ టైరు దిగితే వెనకవాడు హారన్ కొట్టి చెప్పేదాకా మీకు తెలియదు.

బేరింగులు విప్పించి, పాత గ్రీజు కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. ఇది మామూలుగా కూడా ఏడాదికోసారి చెయ్యాల్సిన పని. బయల్దేరిన మొదటి వంద కిలోమీటర్లలోపే ఒకసారి ఆగి చక్రాల నట్లు టార్క్ స్పానర్‌తో మళ్లీ బిగించుకోండి, చక్రం విప్పి పెట్టాక అవి కొంచెం వదులవుతాయి. ఆగిన ప్రతిచోటా చెయ్యి చక్రం మధ్య హబ్ దగ్గరికి తీసుకెళ్లండి, ముందు దూరం నుంచి వేడి చూసి తర్వాతే తాకండి. గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు. ఒకటి గోరువెచ్చగా ఉండి రెండోది ముట్టుకోలేనంత కాలుతోందంటే అక్కడే ఆపండి, ఆ బేరింగు పోతోంది, లేదా బ్రేకు పట్టేసుకుంది.

స్టెప్నీ కూడా చూడండి. బండి స్టెప్నీ ట్రైలర్‌కి సరిపోదు, బండి జాకీ కూడా చాలాసార్లు సరిపోదు. ఇది రోడ్డు పక్కన తెలుసుకునే విషయం కాదు.

ప్రశ్న: ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక అన్ని లైట్లూ దీపావళిలా వెలుగుతున్నాయి. వైరింగ్ మొత్తం మార్చమంటున్నారు.

జవాబు: మార్చకండి, ముందు ఎర్త్ చూడండి. సాధారణంగా తెల్ల వైరు, ట్రైలర్ చట్రానికి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కడ తుప్పు పడితే కరెంటు తిరిగెళ్లే దారి దొరక్క మిగతా బల్బుల్లోంచి పోతుంది, అందుకే ఈ విచిత్రాలన్నీ. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించండి. ప్లగ్గు పిన్నులు కూడా ఒకసారి గీకండి. దానికీ పోకపోతే అప్పుడు చూద్దాం.

ప్రశ్న: ట్రైలర్ మీద 1000 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంది. బరువెందుకని సగమే నింపుతాను. నిండుగా ఉన్నప్పటికంటే సగమున్నప్పుడే బండి ఎక్కువ కొట్టుకుంటోంది, నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. నిండు ట్యాంకులో నీళ్లు కదలవు, రాయిలా ఉంటాయి. సగం ట్యాంకులో 500 కిలోలు అలలా కదులుతాయి. బ్రేకు తొక్కితే అంతా ముందుకొచ్చి కొడుతుంది, కాలు తీస్తే వెనక్కి, మలుపులో పక్కకి. బాల్ మీద బరువు ఎంత అని తూచినా లాభం లేదు, అది క్షణక్షణం మారిపోతుంది. లోపల అడ్డుపలకలున్న ట్యాంకు వాడండి, లేదంటే ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి పెట్టుకుని ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా తీసుకెళ్లండి. నిండుగా ఉన్నది ఇరుసుకి కాస్త ముందు. ఇవేవీ కుదరకపోతే నిదానంగా వెళ్లడమే.

ప్రశ్న: పిల్లలు దగ్గర దూరమే కదా, ట్రైలర్‌లో కూర్చుంటామంటున్నారు.

జవాబు: వద్దు. పైన జవాబులన్నీ వాళ్లకి చదివి వినిపించండి.

ప్రశ్న: ఇంటికొచ్చి సరుకు దింపకుండానే బండి నుంచి ట్రైలర్ విడదీశాను. లాచ్ తియ్యగానే మూతి ఎగిరి నా గడ్డానికి తగిలింది, వెనక భాగం నేలకి కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. లాచ్ పాడైందా?

జవాబు: లాచ్ బాగానే ఉంది, ఇంతసేపూ ఆ మూతిని కింద పట్టి ఉంచింది అదే. అంటే మీరు దారంతా వెనక బరువుతో వచ్చారన్నమాట, ఊగకుండా వచ్చారంటే మెల్లిగా తోలి ఉంటారు. మొదటి ప్రశ్న జవాబు మళ్లీ చదవండి. ఇకనుంచి విడదీసేముందు రెండు వైపులా చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టండి, వాలు ఉన్నచోటైతే అవి పెట్టకుండా లాచ్ ముట్టుకోకండి. సరుకు దింపాలంటే ట్రైలర్ ఇంకా బండికి తగిలించి ఉండగానే దింపండి. విడిగా నిలబడ్డ ట్రైలర్‌లో ముందు వైపు సరుకు తీసేస్తే వెనక్కి తిరగబడుతుంది. ముందు జాకీని నేలకి ఆనించి దాని మీద బరువు పడిందని చూసుకున్నాకే లాచ్ తియ్యండి, జాకీ మీద బరువేమీ పడలేదంటే మూతి లేవబోతోందని అర్థం. తీసేటప్పుడు మొహం దాని పైన కాకుండా పక్కన ఉంచండి. కుట్లు ఎప్పుడు విప్పుతారు?